రైలుకో ముద్ద

ఆనందం గారి గొంతు మీద విచారణ శుక్రవారం పదిన్నరకు, పంజాగుట్టలో అని ఖరారైంది. ఆ గొంతుతో ఆయన డెబ్బై తొమ్మిదేళ్లుగా అన్నం, చారు, చాయ్, అప్పుడప్పుడూ కోపం మింగుతూ వచ్చారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తీరా ఈ నెలన్నరలో రెండుసార్లు జ్వరం వచ్చి, రెండుసార్లూ ఊపిరితిత్తుల్లో నెమ్ము కనిపించేసరికి డాక్టర్లకు ఆ గొంతు నడవడి మీద అనుమానం కలిగింది. తిన్నదాంట్లో కొంత కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతోందేమోనని. అది రుజువైతే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తారు. ఆ మీదట ఆయన నోటికి ఉద్యోగ విరమణ.

ఈ కబురు విని ఆ పూట తను తినడం మానేసిన మనిషి కాంతవ్వ. ‘చల్లని నీడ వృద్ధుల సంరక్షణ కేంద్రం’లో ఆయనకు మూడు పూటలా తినిపించేది ఆమే.

చల్లని నీడ అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు పక్క సందులో ఉంది. పేరులో ఉన్న నీడ మెట్రో వంతెనది. కింద జిరాక్స్ షాపు, మొదటి అంతస్తులో కోచింగ్ సెంటరు, రెండో అంతస్తులో పద్నాలుగు మంది వృద్ధులు. కింద జావా నేర్పుతారు, పైన జావ తాగిస్తారు అని మేనేజరు రామ్మోహనరావు గారు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి, వాళ్లు నవ్వేదాకా ఆగుతారు.

కాంతవ్వది సిరిసిల్ల. పెళ్లయిన కొత్తలో మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. భర్తతో పట్నం వచ్చాక ఇళ్లలో అంట్లు తోమింది. ఆయన పోయి, కూతురు సంగీత అత్తారింటికి వెళ్లాక, తొమ్మిదేళ్ల కిందట ఇక్కడ ఆయాగా చేరింది. రోజూ బోరబండ నుంచి షేర్ ఆటోలో వస్తుంది. చదువు నాలుగో తరగతి. తినిపించే విద్యలో మాత్రం ఆమెకు ఈ చుట్టుపక్కల సాటి లేరని రామ్మోహనరావు గారి నిశ్చితాభిప్రాయం.

ఆ విద్య ఇదీ. ముసలితనంలో కొందరు చెంచా కనిపించగానే పెదవులు బిగిస్తారు. బతిమాలితే ఇంకా బిగిస్తారు. భోజనాల గదికి ఉన్న పెద్ద కిటికీలోంచి మెట్రో రైలు కనిపిస్తుంది, కానీ పట్టాలు ఇంకో అంతస్తు పైన ఉన్నాయి కాబట్టి, కుర్చీలో కూర్చున్నవాళ్లు రైలును చూడాలంటే మెడ బాగా ఎత్తాలి. మెడ ఎత్తి పైకి చూసే ముసలివాళ్ల నోరు దానంతటదే తెరుచుకుంటుందని కాంతవ్వ చేరిన మొదటి ఏడే కనిపెట్టింది. పక్కన నిలబడి, “అగో, మెట్రో వచ్చె” అంటుంది. తలలు లేస్తాయి. నోళ్లు తెరుచుకుంటాయి. ముద్ద లోపలికి పోతుంది. రైలుకో ముద్ద. పిల్లలకు చందమామను చూపించి అన్నం పెట్టే దేశంలో ఇది మరీ కొత్త సిద్ధాంతమేమీ కాదు. పైగా చందమామ అన్ని రాత్రులూ రాడు, మెట్రో అటూ ఇటూ కలిపి రెండు నిమిషాలకొకటి వస్తుంది.

ఈ సిద్ధాంతానికి లొంగనివాడు ఆనందం ఒక్కడే.

ఆయనదీ సిరిసిల్లే కావడంతో కాంతవ్వ మొదటి రోజే మామా అని వరస కలిపింది. ఆయన యాభై ఏళ్లు అమీర్‌పేట సందుల్లోనే దర్జీ పని చేశాడు. కోచింగ్ కోసం వచ్చిన కుర్రాళ్లు ఇంటర్వ్యూ ముందురోజు కొనుక్కున్న ప్యాంటు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది ఆయన దగ్గరికే. దేశదేశాల కంపెనీల్లో ఇవాళ కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాళ్లు ఎంతమందో, ఆ కాళ్ల పొడవు తేల్చినవాడు ఆనందం. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: వంకర. దిండు గలేబు చూసి వంకర అంటాడు, కర్టెన్ అంచు చూసి వంకర అంటాడు. ఆ రెండూ నిజంగా వంకరే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

చేరిన కొత్తలో ఆయన రైలు వైపు కన్నెత్తేవాడు కాదు. తల వంచుకుని, మెడకు కట్టిన తువ్వాలు అంచును కుడిచేత్తో తడుముతూ, కుట్టును పరీక్షిస్తూ, మధ్యలో తనకు తోచినప్పుడు నోరు తెరిచేవాడు. గిన్నెడు జావకు గంట పట్టేది. కాంతవ్వకు ఇది పంతమైపోయింది. గడ్డం కింద వేలు పెట్టి, “జర పైకి చూడు మామా” అని రోజూ తల ఎత్తించింది. మూడు వారాలకు ఆయన దారికొచ్చాడు. ఎంతగా వచ్చాడంటే, రైలు రాకపోయినా చెంచా కనబడితే చాలు, తల వెనక్కి వాల్చి కప్పు వైపు చూసేవాడు. ఆ రోజు కాంతవ్వ సంగీతకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

మొదటి జ్వరం ఆ తరవాతి వారం వచ్చింది.

మంగళవారం మంజూష వచ్చింది. మింగడం సరిగా రానివాళ్లకు మింగడం నేర్పే డాక్టరమ్మ అని చెప్పారు. అమీర్‌పేటలో నేర్పని చదువు లేదని కాంతవ్వకు తెలుసు గాని, దీనికి కూడా డిగ్రీ ఉంటుందనుకోలేదు. మంజూష ఏమీ నేర్పలేదు. ఓ మూల కుర్చీ వేసుకుని భోజనాలు చూసింది. రైలు వచ్చింది, తలలు లేచాయి, ముద్దలు పోయాయి. రామ్మోహనరావు గారు గర్వంగా, “ఈ పద్ధతి మా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదండీ” అన్నారు.

“లేకపోవడమే మంచిదండీ” అంది మంజూష.

ఆమె ఆనందం మెడ మీద రెండు వేళ్లు ఆనించి, మింగేటప్పుడు లోపల ముడి పైకి లేస్తోందో లేదో చూసింది. ఆ తరవాత ఏదైనా మాట్లాడమంది. ఆయన గోడకున్న క్యాలెండరు వైపు చూసి, “వంకర” అన్నాడు. బిందెలోంచి మాట్లాడినట్టు గరగరమంటూ వచ్చింది మాట.

“ఈ తడి గొంతు విన్నారా? ముద్ద దారి తప్పిందని గుర్తు” అని కాంతవ్వకు మెల్లగా చెప్పింది. “తల పైకెత్తితే ఊపిరి దారి తెరుచుకుంటుందమ్మా. తినేది అందులోకి జారుతుంది. గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచి మింగాలి. శుక్రవారం ఎక్స్‌రే వీడియో తీస్తాం. అప్పటిదాకా నీళ్లు పల్చగా ఇవ్వొద్దు, చిక్కటి జావే, చిన్న చెంచాతో.”

కాంతవ్వ తలూపింది. లోపల ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. రెండు కుర్చీల అవతల రుద్రమ్మ అన్నం తిన్నాక పావుగంట దగ్గుతుంది. కిటికీ పక్కాయన రాత్రిళ్లు దగ్గుతాడు. వానాకాలంలో సీతాబాయి నెమ్ము చేసి పోయింది. చివరి రోజుల్లో ఆమె కాంతవ్వ తినిపిస్తే తప్ప తినేది కాదు.

“డాక్టరమ్మా, సీతాబాయమ్మ అని ఒకామె ఉంటుండె” అని మొదలుపెట్టింది కాంతవ్వ.

మంజూష ఆమె ముఖం చూసింది. “చూడని మనిషి గురించి నేను చెప్పలేనమ్మా. ఉన్నవాళ్లను చూద్దాం” అంది.

సాయంత్రం ఆనందం కొడుకు రాజేందర్ వచ్చాడు. పంజాగుట్టలో ఒక బీమా ఆఫీసులో పని, ఆఫీసు అయ్యాక రోజూ వచ్చి తండ్రి గోళ్లు తీయడమో, గడ్డం గీయడమో చేసి పోతాడు.

“గొట్టం పెట్టుడు నాకు సుత ఇష్టం లేదక్కా. పెడితె ఈడ ఉంచుకోరట, రూల్ ఉన్నదని సార్ చెప్తుండు. ఎక్కడో ఊరవతల చూసుకోవాలె. ఐనా మనిషి బతుకుడు ముఖ్యం గదా. ఇంకోసారి నెమ్ము వస్తె బాపు తట్టుకోడన్నరు” అన్నాడు. తరవాత, ఊరికే అడిగినట్టుగా, “నీ చేతిమీద మంచిగనే తింటుండు గదా, మరెట్లయింది?” అన్నాడు.

కాంతవ్వ గిన్నెలు సర్దింది. సర్దిన గిన్నెలనే మళ్లీ సర్దింది. “ఏమో బిడ్డా” అంది. తొమ్మిదేళ్లలో అక్కడ ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

బుధవారం కిటికీకి దుప్పటి కట్టింది. ఉపయోగం లేకపోయింది. ఆనందం చెంచా చూడగానే తల వెనక్కి వాల్చి, దుప్పటికీ కప్పుకూ మధ్య ఎక్కడో ఉన్న రైలును చూశాడు. “తల వంచు మామా” అంటే అర్థం కానట్టు చూసి, ఇంకా ఎత్తాడు. కాంతవ్వ నేల మీద కూర్చుని, కింది నుంచి చెంచా అందించింది. చెంచా పైకొచ్చిన కొద్దీ ఆయన తలా పైకి పోయింది. మూడు వారాల శిక్షణ అంత బాగా కుదిరింది. అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటరూ ఇంత గట్టిగా నేర్పి ఉండదు.

“రైలును ఎవలు బంద్ పెట్టిండ్రు?” అని రుద్రమ్మ అడిగింది. ఆమెకు ఎనభై నాలుగు. అన్నం కంటే రైలే ఇష్టం.

“నేనే పెద్దమ్మా.”

“నువ్వు గంత పెద్ద మనిషివైతివా?”

గురువారం మధ్యాహ్నం కాంతవ్వ ఓర్పు నశించింది. ఎడమచేత్తో ఆనందం నడినెత్తిన పట్టుకుని కిందికి వంచుతూ, కుడిచేత్తో చెంచా నోట్లో పెట్టింది. ఆయన మెడ బిగించి వెనక్కి గుంజుకున్నాడు. చక్రాల కుర్చీ కదిలింది. జావ లోపలికి పోయింది, పోకూడని చోటికి. దగ్గు మొదలై సగంలో ఆగిపోయింది. ముఖం నల్లబడింది. కుడిచెయ్యి గాలిలో దేన్నో వెతుక్కుంటోంది.

“పొలమారింది, నెత్తి మీద కొట్టు” అంది రుద్రమ్మ. “ఎవలో తలుచుకుంటున్నరు. నీళ్లు తాపు.”

రామ్మోహనరావు గారు పరిగెత్తుకొచ్చారు. “ఏంటి కాంతవ్వా, చూస్తూ నిలబడ్డావ్? నీళ్లు పట్టించు ముందు” అని గ్లాసు అందించారు.

పొలమారిన మనిషికి నీళ్లివ్వడం కాంతవ్వ పుట్టినప్పటి నుంచి ఎరిగిన మొదటి వైద్యం. గ్లాసు ఆమె చేతిలోకి వచ్చేసింది, ఆయన పెదవుల దాకా పోయింది కూడా. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. పల్చటి నీళ్లు వద్దంది డాక్టరమ్మ. గ్లాసు కింద పెట్టి, ఆయన్ను ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేత్తో గట్టిగా చరిచింది. ఒకటి. రెండు. మూడు. గదిలో మిగతా పదముగ్గురూ, మేనేజరూ లెక్కపెడుతున్నట్టుగా చూస్తున్నారు. ఐదో దెబ్బకు జావ బయటికి పడింది, దానివెంట దగ్గు, దానివెంట ఊపిరి.

ఆ పెనుగులాటలో కుర్చీ చక్రం కాంతవ్వ చీర కుచ్చిళ్ల మీదికెక్కి, ఫాల్ జానెడు మేర ఊడింది. ఆమె దాన్ని చూసుకోలేదు. సాయంత్రం దాకా ఆయన పక్కనే కూర్చుని, ఛాతీ ఎగిసి పడడం చూస్తూ ఉండిపోయింది. మర్నాడు అదే చీరతో బయలుదేరింది. ఉన్న నాలుగింటిలో ఆస్పత్రికి పనికొచ్చేది అదొక్కటే.

శుక్రవారం అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు కారులో నలభై నిమిషాలు పట్టింది. నడిచినా అంతే పడుతుంది గాని, నడవగలిగినవాళ్లు ఆ ఆస్పత్రికి పోరు. ఫ్లైఓవర్ మొదట్లో కారు ఆగినప్పుడు పక్కన మెట్రో పోయింది. ఆనందం తల ఎత్తి, నోరు తెరిచాడు. రాజేందర్ అది చూశాడు. కాంతవ్వ తన చేతులు చూసుకుంది.

ఎక్స్‌రే గదిలో ఆనందాన్ని యంత్రం పక్కన నిటారు కుర్చీలో కూర్చోబెట్టారు. తోడుగా ఒకరు లోపల ఉండొచ్చన్నారు. అనుదీప్ అనే టెక్నీషియన్ కాంతవ్వకు సీసపు కోటు తొడిగాడు. అది ఆమె మోకాళ్ల దాకా వచ్చింది. సిరిసిల్లలో నూలు మూటలు మోసిన మనిషి కాబట్టి నిలబడింది. రాజేందర్, అనుదీప్ అద్దం అవతలికి వెళ్లారు. తెల్ల మందు కలిపిన జావ గిన్నెతో మంజూష ఆనందం ఎదురుగా కూర్చుంది.

తెర మీద ఆనందం కపాలం, దవడ, మెడ ఎముకలు బూడిద రంగులో కనబడ్డాయి. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషిని ఇంత లోతుగా చూడడం మర్యాద కాదేమోనని కాంతవ్వకు అనిపించింది.

మొదటి చెంచా. తల వెనక్కి వాలింది. తెల్ల మందే తెర మీద నల్లటి చుక్కగా కనబడుతూ నోట్లోంచి జారి, గొంతు దగ్గర ఒక్క క్షణం నిలిచి, రెండుగా చీలింది. పెద్దది వెనక దారిన పోయింది. చిన్నది ముందు దారిన, సన్నగా, తాపీగా, ఊపిరి గొట్టంలోకి దిగింది. ఆనందం దగ్గలేదు. అసలేమీ జరగనట్టు కూర్చున్నాడు.

“దగ్గు కూడా రాలేదు, చూశారా?” అంది మంజూష అద్దం వైపు తిరిగి. “ఇదే ప్రమాదం.”

రెండో చెంచాకు ముందు ఆమె ఎంతో మర్యాదగా, “తల వంచండి తాతగారూ” అంది. ఆయన ఎత్తాడు. మెడ వెనక చెయ్యి వేసింది. ఆయన బిగించాడు. తెర మీద మళ్లీ అదే సన్నటి దారం.

మంజూష గిన్నె పక్కన పెట్టింది. “ఇంకొక్కటి చూస్తానండీ. ఇలా ఊపిరితిత్తుల్లోకి పంపుతూ కూర్చోలేను. వంగి మింగగలిగితే సరే, లేకపోతే గొట్టం తప్పదు. నాకు అర్థం కానిది ఒకటే. చెంచా చూడగానే తల ఎందుకు ఎత్తుతున్నారు? ముందు నుంచీ ఉందా?”

రాజేందర్ గొంతు స్పీకర్లోంచి వచ్చింది. “లేదు మేడం. యాభై ఏండ్లు మిషన్ మీద వంగి వంగి మా బాపు తల ఎత్తుడే మర్చిపోయిండు. అన్నం సుత, మా అమ్మ పక్కన కూసొని ముద్ద పెడుతుంటె, బటన్లు కుట్టుకుంటనే తింటుండె.”

గదిలో యంత్రం గుర్రుమంటోంది. కాంతవ్వకు సీసపు కోటు ఇప్పుడు బరువనిపించింది. రేపు ఈ మనిషికి గొట్టం వేసి ఊరవతలికి పంపుతారు, తను మెట్రో కిటికీ దగ్గర మిగతావాళ్లకు తినిపిస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. తెర మీద ఆ నల్ల దారం ఇంకా అలాగే ఆగి ఉంది.

“నేనే అలవాటు చేసిన” అంది.

మంజూష చూసింది. అద్దం అవతల రాజేందర్ చూశాడు.

“జల్ది తింటడని మెట్రో చూపెట్టిన. వచ్చినప్పుడు తల వంచుకునే తింటుండె. గడ్డం కింద వేలు పెట్టి నేనే ఎత్తిచ్చిన. అప్పుడు జ్వరం లేకుండె.” మాట అయిపోయిందనుకుంది గాని, ఇంకోటి మిగిలింది. “మొన్న అడిగితె నీకు అబద్ధం చెప్పిన బిడ్డా.”

మంజూష గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఎవరి ముఖమూ చూసే ధైర్యం లేక కాంతవ్వ తల దించుకుంది. సీసపు కోటు కింద వేలాడుతున్న చీర, ఆ చీరకు ఊడి జానెడు వేలాడుతున్న ఫాల్ కనిపించాయి. బటన్లు కుట్టుకుంటనే తింటుండె అన్నాడు కొడుకు.

“డాక్టరమ్మా, ఒక్క నిమిషం ఆగు. చెంచా దాచిపెట్టు. కనబడనియ్యకు.”

కుచ్చిళ్లు గుంజి, ఊడిన ఫాల్‌ను ఆనందం కుడిచేతిలో పెట్టింది. సీసపు కోటుతో వంగడం కుదరక పక్కకు ఒరిగి నిలబడింది.

“మామా, గీ ఫాల్ ఊడిపోయింది. ఎవలు కుట్టిండ్రో జర చూడు.”

బొటనవేలు, చూపుడువేలు కుట్టు మీద కదిలాయి. ఒక పోగు తగిలింది. తెగిన చోటు తగిలింది. ఆనందం కనుబొమలు ముడిచాడు. కుట్టు మరీ దగ్గరదగ్గరగా ఉంది కాబోలు, లేదా మరీ దూరందూరంగా. వృత్తిధర్మం ఆయన్ను వంచింది. తల దిగింది. గడ్డం ఛాతీకి ఆనింది.

మంజూష నేల మీద మోకాళ్లు ఆనించి, చీర చాటు నుంచి చెంచా తెచ్చి పెదవులకు తాకించింది. ఫాల్ మీద నుంచి చూపు కదపకుండానే ఆయన నోరు తెరిచాడు, ఇరవై ఏళ్లనాడు భార్య పక్క నుంచి ముద్ద అందిస్తే తెరిచినట్టుగా. తెర మీద నల్లటి చుక్క జారింది. గొంతు దగ్గర నిలిచింది. చుక్క మొత్తంగా, చీలకుండా, వెనక దారిన దిగిపోయింది.

“ఏదైనా అనమనండి” అంది మంజూష. “గొంతు వినాలి.”

అనమని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆనందం ఫాల్‌ను వేళ్ల మధ్య తిప్పి, తీర్పు చెప్పాడు.

“వంకర.”

పొడి గొంతు. చెక్క మీద సుత్తితో కొట్టినట్టు శుభ్రంగా ఉంది.

ఆ కుట్టు కాంతవ్వ సొంత చేతిది. ఆమెకు ఏ కోపమూ రాలేదు. ఇంకో నాలుగు చెంచాలు అయ్యాయి, నాలుగూ సరైన దారినే పోయాయి. మంజూష లేచి మోకాళ్లు దులుపుకుంది. ఇప్పటికి గొట్టం వద్దంది. చిక్కటి జావ, చిన్న చెంచా, తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి, పూటపూటా నోరు శుభ్రం చేయాలి, రెండు వారాలకు మళ్లీ చూడాలి, ఈలోపు జ్వరం వస్తే ఆలోచన మార్చుకోవాల్సిందే అంది. వినడానికి శిక్ష తగ్గించినట్టు ఉంది గాని, విడుదల చేసినట్టు లేదు.

తిరుగు ప్రయాణంలో సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగారు. ముందు సీట్లోంచి రాజేందర్ వెనక్కి తిరక్కుండా అడిగాడు.

“గా రైలు సంగతి మొన్ననే ఎందుకు చెప్పకపోతివి అక్కా?”

“చెప్తె నన్ను పనిలకెల్లి తీసేయిస్తుంటివి.”

“తీసేయిస్తుంటి.”

“అందుకే చెప్పలే.”

సిగ్నల్ పడింది, పోయింది. కారు కదల్లేదు.

“ఇప్పుడు తీసేయిస్తవా?”

రాజేందర్ అద్దంలో తండ్రిని చూశాడు. ఆయన ఇంకా ఫాల్ వదల్లేదు. కాంతవ్వ కదిలితే చీర ఊడేలా ఉంది.

“ఎట్ల తీసేయిస్త? చీర ఇడిచిపెట్టి పోతవా?” అన్నాడు. నవ్వలేదు గాని, గొంతు కాస్త మెత్తబడింది. “ఇంకోసారి ఏదన్న దాస్తె మాత్రం ఊకోను.”

సోమవారం నుంచి చల్లని నీడలో కుర్చీలన్నీ కిటికీకి వీపు పెట్టాయి. కాంతవ్వ పీట మీద కూర్చుని, కింది నుంచి, ఒక్కొక్కరికీ విడిగా తినిపిస్తుంది. భోజనాలు గంటన్నర పడుతున్నాయి. రామ్మోహనరావు గారు వచ్చినవాళ్లకు జావా, జావ వరకే చెప్పి ఆపేస్తున్నారు. రైలు చప్పుడైనప్పుడల్లా రుద్రమ్మ కాంతవ్వను పేరు పెట్టి తిడుతుంది. అన్నం తిన్నాక ఆమె దగ్గు పావుగంట నుంచి రెండు నిమిషాలకు దిగింది. తిట్టడానికి అంతమేర సమయం కలిసొచ్చింది.

ఆనందం వంతు చివర్న. రోజూ పొద్దున షేర్ ఆటో దిగి, మెట్లెక్కి, చేతులు కడుక్కుని, కాంతవ్వ మూల గదిలోకి పోయి, కూతురు సంగీత కుట్టి పంపిన ఫాల్‌కు ముందురాత్రి తను మళ్లీ వేసిన కుట్లను నాలుగు వేళ్ల మేర విప్పి వస్తుంది. విప్పిన అంచును ఆయన చేతిలో పెడుతుంది. తల వంగుతుంది, చెంచా పోతుంది, ముడి లేచి దిగుతుంది. అప్పుడు ఆమె చెంచాను గాలిలోనే ఆపి, ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తుంది. అది పొడిగా వస్తేనే రెండో చెంచా.